ఖాళీ గోడ కమిటీ

మహా సాంకేతిక సదస్సు జరిగే భవనంలోనే, పై అంతస్తులో, పాల్గొనేవారే నడుపుకునే సమావేశం ఒకటి జరపాలని నిర్ణయమైంది. దీనికి వక్తలుండరు, కార్యక్రమ పత్రం ఉండదు. పొద్దున వచ్చినవాళ్లు తమకు తోచిన విషయాన్ని అట్టముక్క మీద రాసి ఖాళీ గోడకు అంటిస్తారు. అదే ఆ రోజు కార్యక్రమం. ఇంత ఆకస్మికమైన పనిని దాని మానాన వదిలేయడం క్షేమం కాదు కనుక పదకొండు మందితో కమిటీ వేశారు.

పదకొండో సభ్యురాలు ఒక టెస్టర్. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం కాబట్టి అందరూ తప్పులక్క అంటారు. ఆసుపత్రుల్లో పసిపిల్లలకు మందు మోతాదు చెప్పే యాప్‌లో ఆమె ఒక తప్పు పట్టింది. బిడ్డ బరువు టైపు చేసేటప్పుడు మూడుకీ అయిదుకీ మధ్య చుక్క పడకపోతే, మూడున్నర కిలోల పసికందును ముప్పై అయిదు కిలోల మనిషిగా లెక్కగట్టి నిక్షేపంగా మందు చెబుతోంది. ఆ కంపెనీకి మూడుసార్లు రాసింది. మూడుసార్లూ ధన్యవాదాలు వచ్చాయి. పిల్లల వార్డులో నర్సుగా చేసే ఆమె సొంత అక్క రోజూ ఆ యాప్ ముందే నిలబడుతుంది. డాక్టర్లు, ఇంజనీర్లు ఒకేచోట దొరికే ఈ సమావేశంలో అరగంట మాట్లాడగలిగితే చాలనుకుంది తప్పులక్క.

కమిటీ నెల రోజులు చెమటోడ్చింది. గోడ ఖాళీగా ఉందో లేదో చూసేందుకు ఉపసంఘం వేసింది. చేతిరాతలు బాగుండవని అట్టముక్కలు ముందే అచ్చు వేయించింది. అప్పటికప్పుడు తోచిన విషయం మాట్లాడదలచినవారు ఆ సంగతి పదిహేను రోజుల ముందు మూడు ప్రతుల్లో తెలియజేయాలంది.

"స్వేచ్ఛ అన్నది మనం దగ్గరుండి ఏర్పాటు చేస్తే తప్ప దానంతటది రాదండీ," అన్నారు అధ్యక్షులవారు కళ్లజోడు సవరించుకుని. ఆ మాటనూ అచ్చు వేయించారు.

తప్పులక్క విషయం దగ్గర మాత్రం ఆయన నొచ్చుకున్నారు. "తప్పు అన్న మాట గోడ మీద బాగుండదమ్మా. పైగా కింద భోజనాలు పెడుతున్నది ఆ యాప్ కంపెనీవాళ్లే."

శీర్షికను 'పసిపాపలు, యాప్, ఉజ్వల భవిష్యత్తు'గా సవరించి, ఆమెకు శ్రమ ఎందుకని ఆ కంపెనీ సేల్స్ మేనేజరుకే అప్పగించారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

సమావేశం రోజు పొద్దున ఎవరినీ అడక్కుండా సొంత చేతిరాతతో అట్టముక్క రాసి అంటించింది: 'చుక్క పడకపోతే పసిబిడ్డకు పదింతల మందు. మూలగది, పన్నెండు గంటలకు.' చింపబోయిన ఉపసంఘాన్ని అధ్యక్షులవారే ఆపారు. "ఉండనివ్వండి. మన జనం సంగతి నాకు తెలుసు."

గోడ ముందు జనం మూగారు. డాక్టర్లు అయ్యో అన్నారు. ఇంజనీర్లు తల పట్టుకున్నారు. ఒకాయన కళ్లు తుడుచుకుని, అట్టముక్క పక్కన నిలబడి ఫోటో దిగాడు. "మీలాంటివాళ్లు ఉండాలండీ," అని అరవై మంది ఆమెకు చెప్పి వెళ్లారు. పన్నెండింటికి కింద భోజనాలు మొదలయ్యాయి. మూలగదిలో నలభై ఖాళీ కుర్చీల ముందు తప్పులక్క ఒక్కతే నిలబడింది.

వార్డు నుంచి అక్క ఫోన్ చేసింది. "చెప్పావుటే?"

"ఆ ఫోటోకి నాలుగు వేల మంది లైక్ కొట్టారక్కా."

"విన్నదెంతమంది?"

చెల్లెలు ఖాళీ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చసాగింది.

"సరేలే. నా వరకూ నేను కాగితం మీద లెక్క వేసుకుంటాను. పక్క వార్డులో కొత్తమ్మాయి చేరింది. ఆ పిల్ల యాప్ చూసే మందు వేస్తుంది."

సాయంత్రం కమిటీ నివేదిక సంతకాలకు వచ్చింది. విషయాలన్నీ గోడ మీద అందరికీ కనబడేలా ఉన్నాయని, ఎవరి నోరూ ఎవరూ నొక్కలేదని, ఏది వినాలో ప్రజలే ఎంచుకున్నారని అందులో ఉంది. తప్పులక్క దాన్ని మూడుసార్లు చదివింది. వెతికి వెతికి చూసినా ఒక్క తప్పూ దొరకలేదు.