గంజాయి ఎరుగని ముక్కు

“మా వంశంలో ఏడు తరాలుగా గంజాయి వాసన ఎరిగిన ముక్కు లేదు!” అని చర్చి పెద్ద డీకన్ కత్‌బర్ట్‌గారు ఆడవాళ్ళ వార్డు నడిమధ్య నిలబడి ప్రకటించారు. మా జమైకాలో అలాంటి ముక్కు దొరకడమే అపురూపం కనుక, వార్డంతా తలలెత్తి దాన్ని దర్శించుకుంది.

ఆయన అక్క ఐసిల్డమ్మకు క్యాన్సర్. కడుపులో గంజి నిలవడం లేదు. ఇలాగే చిక్కిపోతే తర్వాతి విడత మందు ఎక్కించడం కుదరదని, గంజి నిలవని కడుపుకి గంజాయి చుక్కలు రాశారు డాక్టరుగారు. చట్టం సరే అంది. కానీ ఆ చుక్కలు నర్సుగా నేను వేయకూడదు; రోగి గానీ ఇంటివాళ్ళు గానీ వేయాలని మా ఆసుపత్రి నియమం. అడగడం, చెప్పడం, కనిపెట్టుకుని ఉండడం నా వంతు. ఐసిల్డమ్మకు చేతులు వణుకుడు. తమ్ముడుగారేమో చుక్కల సీసా చూడగానే పట్టపగలే చుక్కలు చూశారు!

“ఆకలంటే ఏమిటో మరిచిపోయానురా తమ్ముడూ.”

“ప్రార్థన చేద్దాం అక్కా.”

“చేశాంగా! ఆ దేవుడే డాక్టరు చేత రాయించాడు.”

నేను అడగవలసింది అడిగాను. “డీకన్‌గారూ, ఇంట్లో వాడే నాటుమందులన్నీ చెప్పండి. ఒకదానికొకటి పడకపోతే ప్రమాదం.”

“ఏమున్నాయి నర్సమ్మా! సెరసీ కాకరాకు కషాయం, అల్లం, మంచం కింద మా అమ్మనాటి సీసా.”

“సీసాలో?”

“తెల్ల రమ్ము.”

“రమ్ములో?”

“ఆకు.”

“ఏ ఆకు?”

డీకన్‌గారు కిటికీలోంచి కొండలను పరిశీలించారు. “పెరట్లో ఆకు.”

పక్కమంచం మీది మిస్ డెల్సీ ఫక్కున నవ్వింది. “మా పెరట్లోనూ అదే ఆకులెండి! మోకాళ్ళకు రుద్దుతాం, పిల్లల ఆయాసానికి టీ కాస్తాం.”

“అది గంజాయి కాదు, మందు!” గర్జించారు డీకన్‌గారు.

మా దీవిలో అంతే. కాగితంలో చుడితే గంజాయి, రమ్ములో నానితే అమ్మ జ్ఞాపకం!

“అక్కగారికి తాగిస్తున్నారా?”

“ఛ! ఆవిడకు రుద్దడమే. తాగేది నేను. జలుబుకి.”

“ఎప్పుడెప్పుడు పట్టుకుంటుంది జలుబు?”

“ఆదివారాలు. ప్రసంగానికి ముందు.”

ఐసిల్డమ్మ దిండు మీంచి తల ఎత్తింది. “నీ జలుబుకి పనికొచ్చిన ఆకు నా ప్రాణానికి పనికిరాదురా, కత్‌బర్ట్?”

ఆయన చుక్కల సీసా అందుకున్నారు. “ఆ తెర లాగండి,” అన్నారు.

తెర లాగాను. నాలుక కింద వేయమన్నాను. మత్తుగా ఉంటే మంచం దిగనివ్వద్దన్నాను. ఇక రమ్ము సీసా ఆవిడ దరిదాపులకు రాకూడదన్నాను. ఆయన ముక్కు పక్కకి తిప్పుకుని, ఒక్కో చుక్కా లెక్కపెడుతూ వేశారు.

మధ్యాహ్నానికి ఐసిల్డమ్మ పచ్చి అరటికాయ జావ గిన్నెడు తాగింది. అది కడుపులో నిలిచింది. “ఇంకాస్త ఉందా?” అంది.

డీకన్‌గారు కళ్ళు తుడుచుకుని తెర బయటికొచ్చారు. “చూశారా! ప్రార్థన మహిమ!” అని వార్డంతా మారుమోగేలా చాటారు. తర్వాత నా చెవి దగ్గరకు వంగారు.

“నర్సమ్మా, రాత్రికి ఈ ప్రార్థన ఎన్ని చుక్కలు వేయమంటారు?”