కరెంటు తీసి దొంగను పట్టిన వైనం

2004లో ఒక సెలవురోజు ఉదయం, స్టీల్‌ప్లాంటు ఉద్యోగి మోహనకృష్ణ పెందుర్తి నెట్‌సెంటర్‌కు వెళ్లి, ఇంటర్నెట్‌లో నలుగురితో ఆడే కంప్యూటర్ ఆటలోని తన కత్తిని ఒకసారి చూసుకుని వచ్చేద్దామనుకున్నాడు. అది అలాంటిలాంటి కత్తి కాదు. ఒరలోంచి తీస్తే కొరియాలో ఆడేవాళ్లు కుర్చీల కింద దూరేవారట! దాని బలం మీదే అతడు ఒక సేనకు సేనాపతి అయ్యాడు. మర్నాడే కోటను కాపాడుకునే యుద్ధం. తెర తెరిస్తే ఒర ఖాళీ. కత్తి లేని సేనాపతిని ఏ సేన ఉంచుకుంటుంది?

అతని పాస్‌వర్డ్ తెలిసింది ఆటలో స్నేహమైన, రాణి అనే పేరుతో ఆడే ఆమె ఒక్కతెకే. ముఖం చూడలేదు, ఊరు తెలియదు. కష్టసుఖాలు మాత్రం ఆమెకే చెప్పుకునేవాడు. ఆ రాణి ఇప్పుడు అతని కత్తే ఝళిపిస్తూ తెర మీద తిరుగుతోంది.

అప్పుడతనికి ఒకటి గుర్తొచ్చింది. పెందుర్తిలో కరెంటు పోయినప్పుడల్లా రాణి మాట మధ్యలో మాయమయ్యేది. సెంటర్లో బ్యాటరీ ఉంది గనుక తాను మిగిలేవాడు. అంటే దొంగ ఊళ్లోనే ఉంది! అక్క మొగుడు పైడయ్య లైన్‌మన్. వెంటనే ఫోన్ కొట్టాడు.

"బావా, ఒక్కో ఈదికీ కరెంటు తియ్యి. ఏ ఈదికి తీత్తే రాణి మాయమౌద్దో, దొంగ అక్కడున్నట్టు."

"ఏ రాణిరా? పొద్దున్నే ఏటి తాగినావ్?"

"నా పరువు పోతంది బావా!"

బామ్మర్ది పరువంటే ఏమనుకున్నాడో, పైడయ్య ఫ్యూజు పీకాడు. ఒక వీధిలో పిండిమర ఆగింది. ఇంకో వీధిలో పెళ్లిమైకు మూగపోయింది. మూడో వీధిలో క్రికెట్ చూస్తున్న జనం మొత్తం రోడ్డెక్కారు. "సెట్టుకొమ్మ పడ్డాది" అన్నాడు పైడయ్య. ఆ వీధిలో చెట్టే లేదు. జనం వెంటపడ్డారు. తెర మీద రాణి మాత్రం చెక్కుచెదరలేదు.

"అన్ని ఈదులూ తీసినావా బావా?"

"మా ఈదొక్కటే ఉంచినాను," అన్నాడు పైడయ్య ఆయాసపడుతూ. "మిక్సీ ఆగితే మీ అక్క నన్ను బతకనిత్తాదేటి?"

ఆ మాట అన్నవాడికీ విన్నవాడికీ ఒక్కసారే వెలిగింది.

మోహనకృష్ణ పరుగున వెళ్లేసరికి, పిల్లల చదువుకని కొన్న కంప్యూటర్ ముందు అక్క గౌరీశ్వరి కూర్చుని ఉంది. తెర మీద కత్తి మెరుస్తోంది.

"నువ్వా అక్కా!"

"నానే. పక్కీదిలో ఉండి ఏడాదైంది నువ్వీ గడప తొక్కి. నీ కబుర్లు తెలుత్తాయనే ఆ ఆటలో రాణిగా సేరినాను. జొరమొచ్చినా ఆ రాణికే సెప్తావు గానీ నాకు సెప్పవు. కత్తి పోతేనైనా వత్తావని తీసినాను."

ముఖం తెలియని మనిషికి చెప్పుకున్నాననుకున్న కష్టాలన్నీ, ఇన్నాళ్లూ చేరవలసిన చోటికే చేరుతున్నాయి.

"కూకో. సేపల పులుసుంది."

తిన్నాడు. మారు వడ్డించుకున్నాక గొణిగాడు: "కత్తి ఇచ్చియ్యక్కా."

"నీకు తిప్పడం రాదురా."

మర్నాడు కోట నిలిచింది. సేనాపతి మాత్రం ఇప్పుడు రాణి.