ఒక చేతి ఇస్త్రీ

పెళ్లి ఇంకో వారం ఉందనగా, పొద్దున్నే పెళ్లికూతురు ఒక చిన్న దొంగతనం చేసింది. చెల్లెలు ఒంటి మీంచి దించని నీలం స్వెట్‌షర్టును ఇస్త్రీ మూటలోంచి మెల్లగా లాగి, సంచిలో కుక్కి, వీధి చివర ఎంబ్రాయిడరీ ఆవిడకు ఇచ్చి వచ్చింది. గుండెల మీద నాలుగు మాటలు కుట్టించి, పెళ్లి గుర్తుగా చెల్లెలికి ఇవ్వాలని ముచ్చట.

సాయంత్రం మూట తిరిగొచ్చింది. చెల్లెలు ఇల్లు పీకి పందిరి వేసింది.

"నా స్వెట్‌షర్టు ఏదీ? అక్కా, నువ్వేమైనా చూశావా?"

నిజం చెబితే ముచ్చట పోతుంది. "బాబాయి దుకాణంలోనే ఉండిపోయిందేమోనే," అనేసింది పెళ్లికూతురు.

బాబాయి అంటే ఇస్త్రీ దుకాణం ఆయన. చుట్టం కాదు. ఈ ఇంటి ముడతలన్నీ ఎరిగినవాడు కనుక ఆ వరస. ఆయనుండగా ఇంట్లో ఇస్త్రీ పెట్టె కొనే అవసరమే రాలేదు.

నాన్న చెప్పులేసుకుని బయల్దేరాడు. "ఏమయ్యా, పిల్లదాని బట్ట ఏం చేశావ్?"

"మూటలో రాలేదు అన్నగారూ, ఒట్టు!"

"అంటే మా పెద్దది అబద్ధం చెబుతోందా?"

ఆ కేకలకు ఎదురింటావిడకు ఎప్పుడో పోయిన దిండు గలీబు గుర్తొచ్చింది. పక్కింటాయనకు తువ్వాలు గుర్తొచ్చింది. దాన్ని ఆయన ఏనాడూ ఇస్త్రీకే వేయలేదు. చీకటి పడేలోగా వీధి వీధంతా మూటలు వెనక్కి తెచ్చేసుకుంది. నాన్న అయితే పెళ్లికని ఇచ్చిన బట్టలన్నీ ముడతలతోనే మోసుకొచ్చాడు.

పెళ్లికూతురికి అన్నం సహించలేదు. "పాపం, మంచాయనే కదా నాన్నా..." అని నసిగింది.

"నీకు జాలెక్కువమ్మా," అని నాన్న ఆమె తల నిమిరాడు. ఆ చెయ్యి కాలే ఇస్త్రీ పెట్టెలా చురుక్కుమంది. అయినా కానుక చేతికొచ్చాక అన్నీ ఒకేసారి చెప్పేద్దామనుకుంది.

ఆమెకు తెలియనిదల్లా ఒకటే. కుట్టు పడ్డ చోట బట్ట ముడుచుకుంటుంది కనుక, ఎంబ్రాయిడరీ ఆవిడ ఏది కుట్టినా ముందు బాబాయి దగ్గరికే పంపుతుంది. దారం మాడకుండా ఆయన దాన్ని లోపలివైపు నుంచి ఇస్త్రీ చేస్తాడు.

మర్నాడు నాన్న అటుగా వెళ్తూ ఆగిపోయాడు. బల్ల మీద తిరగేసిన నీలం స్వెట్‌షర్టు, మోచేతి దగ్గర అమ్మ వేసిన అతుకు! ఒక చెయ్యి ఇస్త్రీ అయింది. రెండోదాని మీద బాబాయి పెట్టె ఆనించబోతున్నాడు.

"దొరికావు!" అని నాన్న లాక్కున్నాడు. ఇంట్లోవాళ్లతో సహా వీధంతా పోగైంది.

"అన్నగారూ, అది ఎంబ్రాయిడరీ ఆవిడ పంపిన..."

"చాల్చాల్లే! అందరూ చూడండి!" అంటూ నాన్న దాన్ని సరిగ్గా తిప్పి జెండాలా పైకెత్తాడు.

గుండెల మీద ఎర్ర దారపు అక్షరాలు. ఎదురింటావిడ పైకే చదివింది: "చెల్లికి పెళ్లి గుర్తుగా, నీ దగ్గర ఏదీ దాచని అక్క."

చెల్లెలు అక్కను చూసింది. అక్క నేలను చూసింది. నాన్న ఎత్తిన చేతులు దించడం మరిచిపోయాడు. పక్కింటాయన తువ్వాలు సంగతి ఎవరైనా అడిగేలోపే జారుకున్నాడు.

"బాబాయ్, తీసింది నేనే. నీ పరువు పోతున్నా నోరు మూసుకుని కూర్చున్నాను," అంది పెళ్లికూతురు.

బాబాయి పెట్టె పక్కన పెట్టాడు. "అక్షరాలు బాగా కుదిరాయమ్మా," అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత మూట పట్టుకుని ఆ దుకాణం మెట్టెక్కడానికి ఇంట్లో ఒక్కరికీ మొహం చెల్లలేదు. పెళ్లి ఫొటోలో ఇంటిల్లిపాదీ ముడతలతోనే నిలబడ్డారు. ఇస్త్రీ బట్ట వేసుకున్నది ఆ నీలం స్వెట్‌షర్టులో ఉన్న చెల్లెలొక్కతే, అదీ ఒక చేతి వరకే.