గొడుగుల ఫ్యాక్టరీలో సగం క్షవరం

ఆ రోజు స్టోర్‌కీపరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి సెలూనుకు వెళ్లాలి. చెవుల పక్కనా మెడ వెనకా పెరిగిన జుట్టు తగ్గించుకోవాలి. ఎనిమిదింటి సైరన్ మోగేలోగా గొడుగుల ఫ్యాక్టరీలో స్టోరు తలుపు తీయాలి.

"పైన మాత్రం కత్తెర పెట్టనివ్వకండి," అంది భార్య, క్యారేజీ చేతికిస్తూ. "వెనకాల బాతు తోకలా లేచింది, అదొక్కటీ తీయించుకోండి. ముందు నుంచి చూస్తే మాత్రం... ఏమోనండీ, చూస్తూనే ఉండాలనిపిస్తుంది."

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడకు అలా అనిపించడం అదే మొదలు.

చిన్నప్పటి నుంచీ ఆయనది అంగుళం దాటని క్రాపు. మొదట తండ్రి భయానికి, తర్వాత అలవాటుకి నెలనెలా తల వంచేవాడు. ఎనిమిది నెలల కిందట సెలూన్ పెద్దాయన నిచ్చెన మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు సెలూను మూతపడింది. తలను కొత్త చేతికి అప్పగించడానికి మనసొప్పక స్టోర్‌కీపరు ఊరుకున్నాడు. ఆ మూడు నెలల్లో, యాభై రెండేళ్లుగా నిటారుదనుకున్న జుట్టు మెలికలు తిరగడం మొదలుపెట్టింది. ముందు నుదుటి మీద ఒకటి. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక వరసలు వరసలు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ఎవరో పరాయి మనిషి ఇంట్లోకి వచ్చినట్టు ఆయన తనని తాను మర్యాదగా చూసుకునేవాడు.

ఒక రోజు అక్క వచ్చింది. గుమ్మంలోనే సంచీ కింద పెట్టేసి, తమ్ముడి తల మీద చెయ్యి వేసి, ఒక్కో మెలికా వేలికి చుట్టి చూసింది.

"అమ్మ జుట్టురా ఇది," అంది చివరికి.

అమ్మ పోయేనాటికి ఆయనకు నాలుగేళ్లు. మొహం గుర్తు లేదు. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు.

"కాస్త భుజాల మీదికి రానీ. కొసన ఇంకో మెలిక తిరిగేది అమ్మకి. అది గానీ వచ్చిందంటే, నువ్వు అచ్చం అమ్మవే," అంది అక్క.

అప్పటి నుంచి ఆయనకు లోకంలో ఒకటే కోరిక మిగిలింది. ఆ కొస మెలిక చూడాలి.

ఆ రోజు పొద్దున సెలూన్ పెద్దాయన స్టోర్‌కీపరు మెడచుట్టూ గుడ్డ కట్టి, కత్తెర పట్టుకుని, అలాగే నిలబడిపోయాడు.

"నలభై ఏళ్లు నా చేతి కింద ఉన్న తల నాయనా ఇది! ఇంత సొగసు లోపల పెట్టుకుని, నెలనెలా నాతో నరికించుకుందా?"

"వెనకాల..." అన్నాడు స్టోర్‌కీపరు.

"నాకు తెలుసులే. ఇప్పుడిది పొట్టీ కాదు, పొడుగూ కాదు. మధ్యలో ఉంది. ఈ మధ్యకాలంలోనే అందరూ విసుగెత్తి గొరిగించేసుకుంటారు. పక్కలు దించుతా, మెడ శుభ్రం చేస్తా. పైదాన్ని దాని దారిన పోనిద్దాం."

జుట్టు గొరిగే మిషను ముట్టుకోలేదు. ఒక్కొక్క పాయే తీసి, చూసి, కత్తిరించాడు. ముప్పావు గంట తర్వాత అద్దంలో చూసుకుంటే బాతు తోక లేదు. చెవులు బయటపడ్డాయి. పైన మెలికలు మాత్రం కిరీటంలా నిలబడ్డాయి.

స్టోర్‌కీపరు ఫ్యాక్టరీ గేటు దాటాడో లేదో, కుట్టు విభాగం మేస్త్రమ్మ ఆయన్ని చూసింది. చూసి, చేతిలోని నల్లగుడ్డ చుట్టని కింద పడేసింది.

"జుట్టు తీయించాడే! అయిపోయిందే! కప్పుకి ఒప్పుకున్నారే!" అని ఒక్క కేక వేసింది.

ఆవిడ అలా అరవడానికి ఎనిమిది నెలల చరిత్ర ఉంది. ఆ ఫ్యాక్టరీ రేకుల కప్పు మూడేళ్లుగా కారుతోంది. బాగుచేయించమని పనివాళ్లు అర్జీ పెడితే మేనేజరు నవ్వి, "గొడుగుల ఫ్యాక్టరీలో ఉండి వానకి భయపడతారేంటమ్మా?" అని దాన్ని చెత్తబుట్టలో వేశాడు. అప్పటి నుంచి వాన వస్తే నూటఇరవై మందీ గొడుగులు వేసుకునే గొడుగులు కుడుతున్నారు. సరిగ్గా ఆ వారంలోనే స్టోర్‌కీపరు క్షవరం మానేశాడు.

"ఆయన నోటితో చెప్పే రకం కాదు," అని మేస్త్రమ్మ అప్పుడే తేల్చేసింది. "కప్పు బాగుపడేదాకా తల మీద కత్తెర పెట్టనివ్వనని పంతం పట్టాడు."

ఆ మాట అన్ని విభాగాలకూ పాకింది. ఆయన్ని అడిగిన వాళ్లు లేరు. అంత పెద్ద పంతంలో ఉన్న మనిషిని పలకరించడమే తప్పనుకున్నారు. ఆయన నడిచి వస్తే మిషన్లు ఆపి లేచి నిలబడేవారు, పక్కకు తప్పుకునేవారు. ఇదంతా మెలికల మహిమేననుకుని ఆయన రోజూ ఇంకొంచెం శ్రద్ధగా దువ్వుకునేవాడు.

ఇప్పుడు మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కేకలు, చప్పట్లు. మేడ మీంచి మేనేజరు పరుగున దిగాడు.

"ఏంటీ గోల?"

"కప్పు సంగతి తేలిపోయిందంటగా సార్! మీరు చల్లగా ఉండాలి!" అంది మేస్త్రమ్మ.

స్టోర్‌కీపరు పంతం సంగతి మేనేజరు చెవినా ఎప్పుడో పడింది. తనకు చెప్పకుండా యజమాని నేరుగా స్టోర్‌కీపరుతో మాట్లాడాడా? తన కుర్చీకే ఎసరు పెడుతున్నారా? తెలియదని ఒప్పుకుంటే పరువేం కాను?

"ఆఁ... అవును. నేనే చెబుదామనుకుంటున్నా," అని మేడెక్కి యజమానికి ఫోన్ చేశాడు. "కప్పు విషయంలో మీ నిర్ణయానికి మనవాళ్లు పొంగిపోతున్నారు సార్."

యజమానికి ఏ నిర్ణయమూ గుర్తులేదు. ఈ మధ్య మతిమరుపు పెరిగిందని ఇంట్లోవాళ్లు దెప్పుతున్నారు. ఆ సంగతి ఫ్యాక్టరీ దాకా పాకడం ఆయనకు ఇష్టం లేదు.

"ఆ మాట చెప్పి చాలా రోజులైందిగా! ఇంకా మొదలుపెట్టలేదేం?" అని గద్దించాడు.

పదకొండింటికల్లా రేకుల కొలతలు తీసుకోవడానికి మనుషులు వచ్చేశారు. ఎనిమిది నెలల్లో అర్జీ చేయలేని పనిని చెవుల పక్కన కత్తిరించిన జుట్టు మూడు గంటల్లో చేసేసింది. అది చూసిన పనివాళ్లలో కొందరు దూరం నుంచే స్టోర్‌కీపరుకు చేతులెత్తి నమస్కారం పెట్టారు.

అంతటితో ఆగితే బాగుండేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆవరణ నడుమ కుర్చీ వెలిసింది. కుర్చీ పక్కన, కబురంపి పిలిపించిన సెలూన్ పెద్దాయన ఉన్నాడు, మిషను పట్టుకుని, ఏడుపు మొహంతో.

"రండి స్టోరు గారూ," అంది మేస్త్రమ్మ. "పంతం నెగ్గింది. మిగతా జుట్టు కూడా మా అందరి ముందూ తీయించేయండి. వెనకటిలా పొట్టి క్రాపు ఉండాలి. మా కళ్లారా చూడాలి."

అప్పటిగ్గానీ ఆయనకు విషయం అర్థం కాలేదు. నూటఇరవై మంది చుట్టూ నిలబడ్డారు. మేడ మీంచి మేనేజరు కూడా చూస్తున్నాడు.

"నా వల్ల కాదమ్మా," అని గొణిగాడు సెలూన్ పెద్దాయన. "విరిగిన చెయ్యి, ఇంకా నొప్పిగానే ఉంది."

"పొద్దున లేని నొప్పి ఇప్పుడొచ్చిందా? కానివ్వు!"

పంతమూ లేదు, పాడూ లేదని చెబితే సరిపోతుంది. కానీ ఆ మాట మేడ మీదికి వినబడితే, వచ్చిన కొలతల మనుషులు వచ్చిన దారినే పోతారు. చెప్పకపోతే మిషను మోగుతుంది. అమ్మ మళ్లీ కనబడదు. స్టోర్‌కీపరు తల మీద చెయ్యి పెట్టుకుని, పాతికేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ మాట్లాడనన్ని మాటలు మాట్లాడాడు.

"పక్కలు తీయించింది కప్పు వేస్తామన్న మాటకి. పైది కప్పు వేసిన తర్వాత. వేసి, వాన పడి, లోపల ఒక్క చుక్క కూడా రాలలేదని తేలాక చూద్దాం."

మేస్త్రమ్మ కళ్లు తుడుచుకుంది.

"విన్నారుటే? మనమైతే మాటకే మురిసిపోయి మొత్తం గొరిగించేసుకుందుం! ఏం బుర్రే ఆయనది!"

మేడ మీద మేనేజరు కూడా ఆ మాట విన్నాడు. ఆ మెలికలు నెత్తి మీద ఉన్నంతకాలం ఫ్యాక్టరీ అంతా తన కప్పు వైపే చూస్తుందని తెలిసి, రేకులు వారంలో వేయించాడు. పదో రోజున పెద్ద వాన. నూటఇరవై మందీ గొడుగులు ముడిచి తలలెత్తి చూశారు. ఒక్క చుక్క రాలలేదు. అందరూ ఆ కప్పును ఆకాశాన్ని చూసినట్టు చూశారు.

వాన వెలవగానే ఆవరణలోకి మళ్లీ కుర్చీ వచ్చింది.

స్టోర్‌కీపరు కుర్చీ దాకా నడిచాడు. ఆగాడు. చుట్టూ చూశాడు.

"ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకి లోపల గడియ ఉందా?" అని అడిగాడు.

మేస్త్రమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మమ్మా! రెండేళ్లుగా లేదు సుమండీ! కుర్చీ లోపల పెట్టండే!"

గడియ తర్వాత మంచినీళ్ల కుళాయి, కుళాయి తర్వాత మెట్లకు చేత్తో పట్టుకునే గొట్టం. ఏడాది గడిచింది. ఇప్పుడా జుట్టు భుజాల మీద పడుతోంది, కొసన మెలిక కూడా తిరిగింది. ఆ ఫ్యాక్టరీలో ఇంకా ఏం లోటుందో మాత్రం ఆయనకు ఎంత వెతికినా దొరకడం లేదు.