పదిహేడో నంబరు పన్ను

ఆ రోజు ఉదయం సుధామయి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండు లోపు ఆఖరి రెండు ట్యూబులూ మెషీన్‌కి ఇచ్చేయాలి, ఆ తర్వాత తన కాంట్రాక్టు సంగతి ప్రొఫెసర్ ఫియోనాను అడగాలి. ఎడ్మంటన్‌లో నవంబరు వచ్చేసింది. సూర్యుడు మొక్కుబడిగా వచ్చిపోతున్నాడు. భర్త అభిరామ్‌ను ఆయిల్ కంపెనీ వేసవిలోనే లే ఆఫ్ చేసింది. ఇంట్లో మిగిలింది ఆమె ఉద్యోగమొక్కటే, అదీ డిసెంబరు దాకానే.

రెండు వేల నాలుగు వందల ఏళ్ళ కిందట నల్లసముద్రానికి ఉత్తరాన మైదానాల్లో బతికిన సిథియన్ల పళ్ళను పరీక్షించడం ఆమె పని. గుర్రాలెక్కి దేశాలు తిరిగిన జాతి అని వాళ్ళకు పేరు. చిన్నప్పుడు తాగిన నీళ్ళు ఏ నేలవో, తిన్న తిండి ఏమిటో పంటిలోని ఐసోటోపుల్ని కొలిస్తే తెలుస్తుంది. పదహారు పళ్ళు కొలిచింది. పదహారు మందీ పుట్టిన చోటే కొర్రల్లాంటి గింజలు తిని, అక్కడే పోయారని తేలింది. ఇంత చప్పటి ఫలితానికి కాంట్రాక్టు ఎవరు పొడిగిస్తారు?

మిగిలిన రెండు ట్యూబుల్లో ఒకటి పదిహేడో సిథియన్ పంటిపొడి. రెండోది మామగారు విశ్వేశ్వరరావు వేసవిలో పీకించుకున్న దవడపన్నుది. మెషీన్ సరిగా చెబుతోందో లేదో చూసుకోవడానికి ఊరు తెలిసిన పన్ను ఒకటి కావాలి. ఆయన పుట్టి పెరిగింది కాకినాడలో. నంబర్లు రాసింది మూతల మీద. ఆ మూతలు రెండూ తీసి ఉన్నప్పుడు ఫోన్ మోగింది.

"అమ్మాయ్, రైస్ కుక్కర్ ఆన్ అవడం లేదు. మీ అత్తయ్య నన్నే అంటోంది," అన్నారు మామగారు.

"ప్లగ్ చూశారా మామయ్యగారూ?"

"చూశా." అవతల ఏదో జరిపిన చప్పుడు. "ఆ, పెట్టలేదు."

సుధామయి ఫోన్ పక్కన పడేసి మూతలు బిగించింది. క్యూ పెద్దగా ఉంది, చెక్ శాంపిల్‌గా పెట్టిన మామగారి పన్ను వచ్చే వారం చూద్దామని ఫియోనా పదిహేడో నంబరు ట్యూబును మాత్రమే తీసుకుంది.

శుక్రవారం ఫలితం వచ్చింది. ఫియోనా దాన్ని రెండుసార్లు చదివి కుర్చీలో కూలబడింది. పదిహేడో మనిషి ఆ మైదానాల్లో పుట్టనే లేదు. వేడి సముద్రతీరంలో పెరిగాడు. వరిలాంటి ధాన్యం, బోలెడు చేపలు తిన్నాడు.

"దక్షిణాసియా నుంచి వచ్చుంటాడు సుధా. అంత దూరం నడిచొచ్చాడు."

"ఇంకోసారి రన్ చేద్దామా?"

"చేద్దాం," అంటూనే ఫియోనా డీన్‌కి మెయిల్ కొట్టేసింది. డీన్ ప్రెస్ ఆఫీసుకి చెప్పాడు. సోమవారానికి పదిహేడో మనిషి వ్యాపారి అయ్యాడు, మంగళవారానికి రాయబారి. బుధవారం సుధామయి కాంట్రాక్టును రెండేళ్ళు పొడిగించే కాగితం తయారైంది.

ఇంట్లో విశ్వేశ్వరరావు ఊరుకోలేదు. తెలుగు సంఘానికి ఫోన్ చేసి ఆదివారం లైబ్రరీలో ఉపన్యాసం పెట్టించుకున్నారు.

"మనవాడేనంటారా?" అంది అత్తగారు హైమావతి.

"మన వైపు వాడే. కానీ చేపలు తిన్నాడుగా, మన ఇళ్ళల్లో వాడు కాదు. డెబ్బై రెండేళ్ళొచ్చాయి, నేను నీచు వాసనైనా చూశానా?"

గురువారం చెక్ శాంపిల్ ఫలితం వచ్చింది. దాని ప్రకారం విశ్వేశ్వరరావు నల్లసముద్రానికి ఉత్తరాన పుట్టి, కొర్రలు తిని పెరిగారు.

సుధామయికి కుక్కర్ ఫోనూ, అప్పుడు తీసి ఉన్న మూతలూ గుర్తొచ్చాయి. కాగితం పట్టుకుని చాలాసేపు కిటికీ దగ్గర నిలబడింది. నాలుగున్నరకే బయట చీకటి. చెప్పకపోతే రెండేళ్ళు, చెబితే ఐదు వారాలు. పాపం పదిహేడోవాడు, ఉన్న ఊరు వదలకుండా బతికి, అక్కడే పోయాడు. వాడికి తను వేరే వాళ్ళ చిన్నతనం అంటగట్టింది. ఆమె వెళ్ళి ఫియోనా తలుపు తట్టింది.

అంతా విని ఫియోనా కళ్ళద్దాలు తీసేసింది. "ప్రెస్ ఆఫీసుకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

"నేనే చెబుతాను."

కాంట్రాక్టు కాగితం ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర నెమ్మదిగా చెప్పింది. "మామయ్యగారూ, ఆ పదిహేడో మనిషి మీరే. మూతలు తారుమారయ్యాయి."

"అయితే నా ఉపన్యాసం?"

హైమావతి పెరుగు గిన్నె కింద పెట్టింది. "ఉపన్యాసం సరే. చేపల సంగతేమిటి?"

విశ్వేశ్వరరావు కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపారు. "పక్కింటివాళ్ళు పెట్టేవాళ్ళు. చిన్నతనం."

"బోలెడు అని వచ్చిందటగా," అందామె. మరి రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు.

యూనివర్సిటీ సవరణ ప్రకటన వేసింది. సుధామయి ల్యాబులో తన బీరువా ఖాళీ చేస్తున్న రోజున, ఆనవాలు దొరకని శవాలకు పేర్లు వెతికే ప్రభుత్వ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

"మీ పొరపాటు గురించి చదివాం," అందొక గొంతు. "ఎవరి పన్నో తెలియకుండానే ఊరు దాదాపుగా చెప్పేశారు. మా దగ్గర అలాంటి పళ్ళు నలభై ఉన్నాయి. జనవరిలో చేరతారా?"

చేరింది. ఇప్పుడు భోజనాల దగ్గర ఆఫీసు సంగతులు చెప్పమని ఆమెను ఎవరూ అడగడం లేదు.