అత్తగారు తుడిచిన ఆట

ఆ ఉదయం ఆ ఇంట్లో అనుకున్న పని చాలా చిన్నది. మేడమీద గదిలో వెలుగుతున్న ఆట మిషన్ సాయంత్రం దాకా వెలుగుతూనే ఉండాలి. అంతే. దానికి ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. ఏమీ చెయ్యకపోవడమే పని.

ఆ మిషన్ పాతది. ఒకప్పుడు బూడిదరంగులో ఉండేదేమో, ఇప్పుడు అంచులు పసుపెక్కాయి. అందులో పెట్టిన క్యాసెట్ ఇంకా పాతది. దాన్ని తయారు చేసినవాళ్ళు కొద్ది కాపీలు అమ్మి దుకాణం కట్టేశారట. ఒక కుర్రవాడు తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ దీపం పట్టుకుని ఊళ్ళు తిరిగే ఆట అది. దానికోసం ఆ ఇంటి అబ్బాయి ఏళ్ళ తరబడి గాలించాడు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. ఆటలోని మాటలన్నీ పరాయి భాషలో ఉంటాయని తెలిసి, క్యాసెట్ దొరక్కముందే ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. రెండేళ్ళపాటు పళ్ళు తోముకుంటూ కూడా ఆ మాటలే వల్లించాడు. ఇంట్లో మిగతావాళ్ళకి ఆ లిపి చూస్తే చీమలు బారులు తీరినట్టుండేది.

తీరా క్యాసెట్ వచ్చాక తెలిసింది, దాని లోపలి బ్యాటరీ చచ్చిపోయిందని. ఆడినంతవరకూ గుర్తుపెట్టుకునే శక్తి దానికి లేదు. ఆపితే మళ్ళీ మొదటికే. విప్పి బ్యాటరీ మార్చవచ్చు కానీ, అంత అరుదైన వస్తువుకి స్క్రూడ్రైవర్ తగిలించడానికి అతనికి చేతులు రాలేదు. అందుకని ఆదివారం పెట్టిన మిషన్ ఇంతవరకూ ఆపలేదు. టేబుల్ ఫ్యాను దానికే తిప్పి పెట్టారు. ఫ్యూజు పోతుందన్న భయంతో ఇస్త్రీపెట్టె బంద్. కింది గదిలో కుట్టుపని చేసే అతని భార్యకి వారం నుంచి ఇస్త్రీ లేదు. కుట్టిన కోట్లన్నీ అలిగిన చుట్టాల్లా ముడుచుకుని వేలాడుతున్నాయి.

భోజనాల దగ్గర మాత్రం అతను ఆటలో సంగతులు చెప్పేవాడు. నిన్న కొండ దాటానని, మొన్న రెండు తలల పాముతో తలపడ్డానని. దూరదేశంలో ఉన్న బంధువు క్షేమసమాచారం విన్నట్టు అమ్మానాన్నలు శ్రద్ధగా వినేవారు.

ఆ గదికి ఎప్పుడూ తాళమే. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతని భార్య, అంటే ఆ ఇంటి కోడలు, అతను ఉన్నప్పుడు తప్ప అందులో అడుగు పెట్టలేదు. పెట్టినా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఊడుస్తూ ఒక పెట్టె పక్కకి జరిపిందని అతను ఏమీ అనలేదు. రెండు రోజులు ఏమీ అనలేదు. ఆ అనకపోవడం ఆమెకి ఇంకా గుర్తుంది.

అలాంటిది ఆ ఉదయం, సెలవులో ఉన్నా దుకాణం నుంచి రమ్మని ఫోను వస్తే, అతను తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నిన్ను నమ్మి ఇస్తున్నా. అప్పుడప్పుడు వెళ్ళి ఫ్యాను తిరుగుతోందో లేదో చూడు చాలు."

"నేనుండగా మీకెందుకండీ బెంగ?" అంది ఆమె. మెడలో వేలాడే కొలతల టేపు చివర తాళంచెవి ముడేసుకుంది. అది గుండెకి తగులుతుంటే హాయిగా ఉంది.

కాసేపటికి మేడెక్కి తలుపు తీసి చూసింది. ఫ్యాను తిరుగుతోంది. టీవీలో కుర్రవాడు ఒక వంతెన ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో దీపం, పక్కన కుక్క. వంతెన మొదట్లో ఒక కాపలావాడు కాలు చాపుకుని కూర్చున్నాడు. అంతలో కింద నుంచి బస్సు కండక్టరు కేకేశాడు. కొత్త యూనిఫాం ప్యాంటు పొడవు సరిచేయించుకోవాలట, మధ్యాహ్నం డ్యూటీట. ఆమె గబగబా దిగింది. తలుపు దగ్గరికి వేసింది కానీ తాళం వెయ్యలేదు.

అత్తగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం మానారు కానీ రౌండ్లు మానలేదు. రోజూ స్నానం చేసి, గుడ్డకి మందు నీళ్ళు అద్దుకుని, తలుపు గొళ్ళాలు, స్విచ్చులు, ఫోను, టీవీ రిమోటు వరసగా తుడుచుకొస్తారు. ఇన్నాళ్ళూ ఆవిడ చేతికి అందనిది ఆ గది ఒక్కటే. ఆ రోజు తలుపు తోస్తే తెరుచుకుంది.

కండక్టరు ప్యాంటు అంచుకి గుండుసూదులు గుచ్చుతున్న కోడలికి మేడమీద నుంచి ఏదో ఏడుపు పాట లాంటి సంగీతం వినిపించింది. పరిగెత్తి వెళ్ళి చూస్తే అత్తగారు ఆట రిమోటుని ఒడిలో పెట్టుకుని, ఒక్క బటను కూడా వదలకుండా తుడుస్తున్నారు.

"అత్తయ్యా!"

"ఎంత మురికో చూడమ్మా. వేళ్ళ జిడ్డంతా దీనిమీదే ఉంది."

"ఆ అబ్బాయేడీ?"

"అతనా? నేను అటు తుడిస్తే అటు, ఇటు తుడిస్తే ఇటు తిరిగాడు. కుక్కని ఎవరికో ఇచ్చేశాడు. దీపం అమ్మేశాడు. తర్వాత ఏట్లోకి దిగాడు."

"మీరు ఆపలేదా?"

"సగం తుడిచి వదిలెయ్యడం నాకు చేతకాదు."

టీవీ నల్లబడింది. ఏదో ఒకటి ఎంచుకోమన్నట్టు రెండు చీమల బార్లు కనిపించాయి. కోడలు "వద్దు" అనేలోపు ఆఖరి బటను కూడా శుభ్రమైంది. తెర మీద తెల్లవారింది. ఒక చిన్న ఇంట్లో, చిన్న మంచం మీద, కుర్రవాడు చేతిలో దీపం లేకుండా, పక్కన కుక్క లేకుండా, అప్పుడే నిద్రలేచాడు.

కోడలికి మెడలో టేపు చివర తాళంచెవి ఇప్పుడు బండరాయిలా ఉంది.

"ఆయనకి ఫోన్ చేసి చెప్పేస్తాను."

"చెబితే వాడు అక్కడ అద్దం బదులు వేలు అరగదీసుకుంటాడు," అన్నారు అత్తగారు. "వార్డులోంచి రోగి లేచి వెళ్ళిపోతే ఏం చేస్తాం? వెతికి తీసుకొచ్చి అదే మంచం మీద పడుకోబెడతాం. వీణ్ణి కూడా ఆ వంతెన దగ్గరికి చేర్చేద్దాం. నడిపించు."

కోడలు కుర్చీలో కూర్చుని జీవితంలో మొదటిసారి ఆట రిమోటు పట్టుకుంది. కుట్టుమిషన్ పెడలు తొక్కే కాలు తనంతట తానే ఆడుతోంది కానీ, వేళ్ళు మాత్రం బిగుసుకుపోయాయి. కుర్రవాడు మొదటి గోడకి తల కొట్టుకున్నాడు. అలాగే కొట్టుకుంటూ ఉన్నాడు.

చప్పుడుకి మామగారు పైకి వచ్చారు. ఆయన రైలు గార్డుగా పనిచేసినాయన. సంగతి విన్నారు. తర్వాత కోడలి కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తలుపు దగ్గర ఆపు. ఇటూ అటూ చూడు. ఊఁ, ఇప్పుడు కదులు."

ఊళ్ళో దీపం తొందరగానే దొరికింది, పక్కనే గుడ్డచుట్ట ఉన్న సంచీ దొరికింది. కుక్కతోనే చిక్కొచ్చింది. నాలుగు చుక్కలతో గీసిన బొమ్మలవి. ఏది కుక్కో ఏది దూడో తెలియదు. తెల్లగా ఉన్నదాన్ని పట్టుకుని ఊరి పొలిమేర దాకా వెళ్ళాక మామగారు ముందుకి వంగి చూశారు.

"అమ్మాయ్, అది గడ్డి తింటోంది."

మేకని వెనక్కి తోలుకెళ్ళారు. దాని యజమానురాలు తెర నిండా చీమల బార్లు కుమ్మరించింది. ఒక బారు అయితే ఇంకొకటి.

"తిడుతోంది," అన్నారు అత్తగారు నిశ్చయంగా.

"తిట్టనీ, మేక వాళ్ళది," అన్నారు మామగారు.

అంతలో మెట్లమీద జాగ్రత్తగా ఎక్కుతున్న అడుగుల చప్పుడైంది. కండక్టరు. కోడలు అతన్ని పూర్తిగా మరిచిపోయింది. కాళ్ళ చుట్టూ గుండుసూదులతో అతను ఇంటికి పోలేడు, కూర్చోలేడు.

"మేడమ్, నా డ్యూటీ..."

"ఒక్క నిమిషం బాబూ, కుక్క దొరకాలి."

అతను గోడ పక్కన నిటారుగా నిలబడ్డాడు. కాసేపటికి డ్యూటీ సంగతి మరిచిపోయి, "అదిగో బావి వెనకాల, నల్లచెవిది!" అన్నాడు. నిజంగానే కుక్క.

మధ్యాహ్నానికల్లా కుర్రవాడు వంతెన ముందుకి వచ్చాడు. చేతిలో దీపం, పక్కన కుక్క, ఎదుట కాపలావాడు. అచ్చం పొద్దున చూసిన బొమ్మే. ఆయన వారమంతా ఆడింది ఇంతవరకేనా అని కోడలికి ఒక్క క్షణం అనిపించింది. కొండ తగల్లేదు, పామూ తగల్లేదు. వేరే దారిలో వచ్చుంటారులే అనుకుని రిమోటు కింద పెట్టబోయింది. వారం రోజుల బరువు భుజాల మీంచి దిగినట్టయింది.

"ఆగు," అన్నారు అత్తగారు. "ఆ కాపలావాడి కాలు చూడు. ఎంత వాచిపోయిందో."

"అత్తయ్యా, వద్దు. ఇంక ఏదీ ముట్టుకోకూడదు."

"కట్టు లేకుండా వదిలేసి వెళ్తే నాకు ముద్ద దిగదు. వీడి సంచిలో గుడ్డచుట్ట ఉందిగా, ఇచ్చెయ్."

ఆవిడ గొంతు వార్డు గొంతు. కోడలి వేలు దానంతటదే నొక్కింది. కాపలావాడు గుడ్డ తీసుకున్నాడు. లేచాడు. పక్కకి తప్పుకున్నాడు. వంతెన ఖాళీ అయింది.

"ఎవరూ కదలొద్దు," అన్నారు మామగారు. "అవతల వైపు సంగతి తెలీదు."

కానీ కండక్టరు కళ్ళముందు దారి ఖాళీగా ఉంది. ఇన్నేళ్ళ అలవాటు అతని నోరు తెరిచింది. గోడమీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్, రైట్!" అన్నాడు.

ఆ కేకకి ముందుకి కదలని చెయ్యి ఉండదు. కుర్రవాడు వంతెనెక్కాడు. కుక్క వెనకే ఎక్కింది. వాళ్ళు అవతలి ఒడ్డుకి చేరగానే వంతెన పలకలు ఒక్కొక్కటే ఊడి ఏట్లో పడ్డాయి.

"బండి వెళ్ళిపోయింది," అన్నారు మామగారు.

"ఎవరయ్యా నిన్ను రైట్ అనమంది?" అత్తగారు కండక్టరు మీద పడ్డారు.

"ఖాళీగా ఉంటే అనాలి కదండీ," అన్నాడతను దీనంగా.

వెనక్కి వెళ్ళడానికి దారి లేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదామని అత్తగారు, ముందు భోజనాలు కానిద్దామని మామగారు వాదించుకుంటుండగానే కింద గేటు చప్పుడైంది. దుకాణంలో పని తొందరగా అయిపోయింది కాబోలు. మెట్లమీద అతని అడుగులు.

"కరెంటు పోయిందని చెబుదాం," అన్నారు అత్తగారు చిన్నగా.

కోడలు తల అడ్డంగా ఊపింది. టేపు ముడి విప్పి తాళంచెవి అరచేతిలో పెట్టుకుని, అతను గుమ్మంలోకి రాగానే ఎదురెళ్ళింది.

"తప్పు నాదండీ. తలుపు తీసి వదిలేశాను. ఆ అబ్బాయి చచ్చిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి తెచ్చాం. మీరు వదిలిన చోట ఆపలేకపోయాం. ఇదిగో తాళం. ఇంకెప్పుడూ నాకివ్వకండి."

అతను తాళం తీసుకోలేదు. టీవీ వంక చూశాడు. అతను ఎన్నడూ వినని పాట వస్తోంది. తెర మీద కొత్త ఊరు, కొత్త చెట్లు, పొగ వస్తున్న ఇళ్ళు. చొక్కా కూడా మార్చుకోకుండా అలాగే నేలమీద కూర్చుండిపోయాడు.

"వంతెన ఎలా దాటారు?"

"కాలికి కట్టు కట్టాం," అన్నారు అత్తగారు. "అంత వాచిపోతే వారం రోజులు చూస్తూ కూర్చున్నావట్రా?"

"అది వాపు కాదమ్మా. బూటు."

"బూటైతే కరిచిందేమో."

అతను ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"వాడు ప్రశ్నలడుగుతాడు. ప్రతిదానికీ జవాబు చెప్పాను. ఎన్ని రకాలుగా చెప్పానో. ఆదివారం సాయంత్రం నుంచి ఆ వంతెన దగ్గరే ఉన్నాను."

"మరి కొండ?" అన్నారు మామగారు.

"లేదు."

"పాము?"

"పామూ లేదు నాన్నా."

వారం రోజులుగా ఆ పాము గురించి మామగారు పార్కులో స్నేహితులందరికీ చెప్పి ఉన్నారు.

అతను భార్య వైపు తిరిగాడు. "తాళం నిన్ను నమ్మి ఇవ్వలేదు. ఎవరో ఒకరు వైరు తన్నేస్తారనుకున్నాను. ఆరిపోతే ఇంక నావల్ల కాలేదని చెప్పుకోనక్కర్లేదు. ఇంట్లోవాళ్ళ వల్లే పోయిందని చెప్పుకోవచ్చు."

కండక్టరు మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కోడలు పొద్దుటి నుంచి గుండెకి తగిలిన ఆ చల్లని ఇనుపముక్క వంక చూసింది. ఆమెకి ఏడుపు రాలేదు. రావాల్సిన కోపం కూడా పూర్తిగా రాలేదు. వారం రోజులు ఆ మనిషి ఒక్కడే తలుపేసుకుని, జవాబులు తెలిసీ దారి దొరక్క కూర్చున్న దృశ్యం దానికి అడ్డొచ్చింది.

"ఇన్నాళ్ళకి ఒక నిజం చెప్పారు," అంది. తాళంచెవిని మళ్ళీ టేపు చివర కట్టుకుంది, ఈసారి రెండు ముళ్ళు. "ఇక ఇది నా దగ్గరే ఉంటుంది. ఇస్త్రీపెట్టె కూడా రేపటి నుంచి వాడతాను. ఫ్యూజు పోతే పోయింది, మళ్ళీ మొదటి నుంచి తెస్తాం. దారి మాకు తెలుసు."

కుర్చీలో కూర్చుని రిమోటు అందుకుంది. మామగారు వెనక తన చోట్లోకి వచ్చారు. కుర్రవాడు కొత్త ఊళ్ళో మొదటి ఇంటి ముందు ఆగాడు. గుమ్మంలో ఒక ముసలమ్మ తెర నిండా ఏదో చెబుతోంది.

అతను మోకాళ్ళ మీద ముందుకి జరిగాడు. "ఆవిడ ఏమంటోందంటే..."

"ఒరేయ్," అన్నారు అత్తగారు తెర మీంచి చూపు తిప్పకుండా, "కిందికెళ్ళి అందరికీ మంచినీళ్ళు పట్రా."

రెండేళ్ళు నేర్చుకున్న భాషని నోట్లోనే పెట్టుకుని అతను మెట్లు దిగాడు.