వినలేదని మూడు వందల సంతకాలు

ప్రజలకు ఏ పాట నచ్చాలో ప్రజలకే వదిలేస్తే ఏమవుతుందన్నది నేటివరకూ ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఎవరూ, ఎప్పుడూ, ఎక్కడా వదిలెయ్యలేదు. ఆ ప్రమాదం ఇకముందు కూడా జరగకుండా చూసేందుకే శ్రవణ పరిచయ మండలి ఏర్పడింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మండలి అలా కాదు, అడగకుండానే పెడుతుంది. బస్సులో, లిఫ్టులో, చెప్పుల దుకాణంలో, పళ్ల డాక్టరుగారి వరండాలో, తాను ఎంపిక చేసిన పాటను మనిషి చెవిలో వేసేదాకా నిద్రపోదు. నిబంధనావళి ప్రకారం, సగటు పౌరుడు తన ప్రమేయం లేకుండా వారానికి పదిహేడు సార్లు విన్న పాట ‘ప్రసిద్ధ గీతం’ అవుతుంది. (కావాలని విన్నవి లెక్కలోకి రావు. ఇష్టం కలిస్తే లెక్కలు పాడవుతాయని గణాంక విభాగంవారి అభిప్రాయం.)

అలాగని మండలికి మనసు లేదనడానికి వీల్లేదు. ఎవరికీ తెలియని పాటల కోసం ప్రతి మంగళవారం మధ్యాహ్నం రేడియోలో పది నిమిషాలు కేటాయించింది. అందులో నాలుగు నిమిషాలు ఆ పథకం గొప్పతనం వివరించడానికి పోతాయి. మిగిలిన ఆరు నిమిషాల్లో ఒక పాటకు చోటుంటుంది.

ఆ చోటు మీదే అద్దాలావిడ కన్నుపడింది.

అద్దాలావిడ అంటే కళ్లజోళ్ల దుకాణంలో కళ్లు పరీక్షించి, అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించే ఆవిడ. ఇరవయ్యేళ్లుగా ఆ పనిలో ఉండి ఒక పాట కట్టింది. మొదటిసారి కళ్లజోడు పెట్టుకుని ఇంటికెళ్లినవాడు భార్య మొహంలో ముడతలు చూసి, ఇవెప్పుడొచ్చాయి, నాకెందుకు చెప్పలేదు అని అడిగే పాట. పాడింది కూడా ఆవిడే. గిటారు వాయించింది మరిది. అతను మామూలుగా స్కూలు వ్యాను నడుపుతాడు. దుకాణం వెనకగదిలో, అరగదీసే యంత్రం ఆపుచేసి, రికార్డు చేశారు. ఇంటర్నెట్‌లో పెట్టిన ఏడాదికి ఇరవైమూడు మంది విన్నారు. అందులో పంతొమ్మిది మంది చుట్టాలు. ఆడపడుచు అయితే విన్నాను బాగుందంది గాని, ఏం బాగుందని అడిగితే వివరాల్లోకి వెళ్లలేదు.

ఆవిడకి పేరు మీద యావ లేదు. తనకి ఏమీకాని మనిషి ఒకరు ఆ పాట చివరిదాకా విని, ‘మళ్లీ పెట్టండి’ అనాలి. ఆ ఒక్కమాట కోసం ఆవిడ ప్రాణం కొట్టుకుపోయేది. చుట్టాలు అంటే ఆ మాటకి విలువ లేదు, పైగా అనలేదు కూడా.

మండలి కార్యాలయంలో రెండు కౌంటర్లు. ఒకటి ప్రసిద్ధులకి, రెండోది అప్రసిద్ధులకి. ఆవిడ రెండో కౌంటరు దగ్గరకెళ్లి నిలబడింది.

"నా పాట ఎవరికీ తెలియదండీ. మంగళవారం పథకానికి దరఖాస్తు ఇద్దామని వచ్చాను."

"ఎవరికీ తెలియదనడానికి రుజువేదమ్మా?" అన్నాడు గుమాస్తా.

"మీరు విన్నారా?"

"లేదు."

"మరి అదే రుజువు కదండీ."

"నేను వినకపోవడం నా సొంత విషయమమ్మా. దాన్ని ఆఫీసులోకి తీసుకురాలేను," అని పన్నెండో నంబరు ఫారం ఇచ్చాడు. మూడు వందల మంది పౌరులు ‘పై పాటను నేను ఎన్నడూ వినలేదు’ అని సంతకం చెయ్యాలి. చుట్టాల సంతకాలు చెల్లవు. (చుట్టాలు వినకపోవడం సహజం కనుక.)

ఆవిడ ఫారాన్ని దుకాణంలో బల్లమీద పెట్టింది. మొదట దొరికినవాడు దూరంవి ఆనక అద్దాల కోసం వచ్చిన లాయరు. ఆయన ఫారం ముక్కుదాకా తెచ్చుకుని చదివి, "వినలేదని సంతకం పెట్టాలంటే, ఏది వినలేదో తెలియాలి కదమ్మా? వినిపించండి, విని పెడతాను," అన్నాడు. చదువుకున్నవాడి మాటలో తప్పు పట్టడానికి ఆవిడకేమీ కనిపించలేదు. కళ్ల పరీక్షకు వాడే ఇనప ఫ్రేము ఆయన ముక్కుమీద ఉండగానే పాట పెట్టింది. ఆయన ఆసాంతం విన్నాడు. ఎన్నడూ వినలేదని సంతకం పెట్టాడు. ఆ తరవాత కలం పక్కన పెట్టి, జారిన ఇనప ఫ్రేము సరిచేసుకున్నాడు.

"మళ్లీ పెట్టండి," అన్నాడు.

అద్దాలావిడ గిరుక్కున గోడవైపు తిరిగి, శుభ్రంగా ఉన్న అద్దాన్నే మూడుసార్లు తుడిచింది. పెళ్లినాడు కూడా ఆవిడకి అంత సంతోషం కలగలేదు.

అప్పట్నుంచి వచ్చినవాళ్లందరికీ అదే పద్ధతి. విన్నారు, వినలేదని రాసిచ్చారు. నలభై ఒక్కమంది మళ్లీ పెట్టమన్నారు. బేకరీ యజమాని చూపు దివ్యంగా ఉండికూడా వారంలో రెండుసార్లు పరీక్ష చేయించుకున్నాడు. ఒక నర్సు తోటి నర్సులను ముగ్గుర్ని వెంటబెట్టుకొచ్చింది. వ్యానులో పిల్లలు మరిదితోపాటు పల్లవి ఎత్తుకోసాగారు.

"వదినా, నాకెందుకో భయంగా ఉంది. అందరికీ తెలిసిపోతున్నామేమో," అన్నాడు మరిది.

"అయితే ఏం చేద్దామంటావు?"

"కాస్త తక్కువ బాగుండేట్టు పాడాల్సింది."

అతని భయం వట్టిదేమీ కాదు. మూడు వందల సంతకాలూ అందిన వారానికి అజ్ఞాతత్వ తనిఖీ అధికారి అందులో పదిమందికి ఫోన్ చేసి, ఈ పాట తెలుసా అని అడిగాడు. పదిమందీ తెలుసన్నారు. లాయరైతే రెండో చరణం పాడి వినిపించాడు. ‘అభ్యర్థిని పాట అప్రసిద్ధత సందేహాస్పదం’ అని అధికారి రాశాడు. దరఖాస్తు తిరస్కరించారు.

సరే, తెలిసిన పాటే అయినప్పుడు మొదటి కౌంటరుకే వెళ్దామని వెళ్లింది. అక్కడి గుమాస్తా కాగితాలన్నీ తిరగేసి నిట్టూర్చింది.

"వీళ్లందరూ ఇష్టపడి విన్నారమ్మా. కొందరు అడిగిమరీ విన్నారు. దీన్ని పరిచయం అనరు, అభిమానం అంటారు. దానికి మా రిజిస్టర్లో గడి లేదు."

రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో అద్దాలావిడకి ఆరోజు తెలిసింది. రెండు కౌంటర్లకీ మధ్య అలాంటివాళ్ల కోసం మండలి ఒక బల్ల కూడా వేసింది. ఒక ఫ్లూటు ఆయన దానిమీద తొమ్మిదేళ్లుగా కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి కాస్త జరిగాడు.

ఈ సంగతి విని మండలి సంయుక్త అధికారి కరిగిపోయాడు. పైవాళ్ల జాలి ఎప్పుడూ ఒక ఖాళీని చూసుకునే వస్తుంది. సర్కారు ఫిర్యాదుల ఫోన్‌లో జనం లైన్లో వేచి ఉన్నప్పుడు వినిపించడానికి ఆయనకి ఒక పాట కావాలి. రోజుకి ఎనిమిది వేలమంది ఫోన్ చేస్తారు.

"మాటలు కూడా ఉంటాయాండీ?" అని అడిగింది.

"మాటలుంటే జనం వింటారమ్మా. ఇది చెవిలో పడితే చాలు, వినక్కర్లేదు. గొంతు తీసేసి పంతొమ్మిది సెకన్లకి కుదిద్దాం. అదే తిరుగుతూ ఉంటుంది."

ఆవిడ వెంట వచ్చిన మరిది మొహంలోకి చూసింది. "ఇరవైమూడు ఎక్కడ, ఎనిమిది వేలు ఎక్కడ వదినా," అన్నాడతను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆశపడి తన చేత్తో తనే సంతకం పెట్టింది. అందుకే తరవాత తిట్టుకోవడానికి ఆవిడకి బయట ఎవరూ దొరకలేదు.

నెల తిరిగేసరికి పాట ప్రసిద్ధమైంది. ఫోన్లోంచి లిఫ్టులోకి, లిఫ్టులోంచి బస్సులోకి వెళ్లింది. ప్రజాహృదయాలను గెలుచుకున్న గీతమని మండలి ధ్రువపత్రం ఇచ్చింది. నీటి కనెక్షన్ తెగినవాళ్లు, పింఛను ఆగినవాళ్లు, చనిపోయారని పొరపాటున నమోదైనవాళ్లు, అందరూ దాన్ని గంటల తరబడి విన్నారు. ఆ పంతొమ్మిది సెకన్లు వినపడితే చాలు, జనానికి పళ్లు బిగుసుకుపోయేవి. మళ్లీ పెట్టమన్న నలభై ఒక్కమందీ ఒక్కొక్కరే రావడం మానేశారు. బేకరీ యజమాని ఒకసారి వచ్చాడు, ఈసారి నిజంగానే చూపు తగ్గి. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఏ పాటా పెట్టవద్దని మర్యాదగానే అడిగాడు.

ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. మర్నాడే మండలికి వెళ్లి పాట వెనక్కి ఇచ్చెయ్యమంది.

"ప్రసిద్ధ గీతాన్ని ఉపసంహరించడం కుదరదమ్మా, జనం అలవాటుపడ్డారు," అన్నాడు రెండో కౌంటరు గుమాస్తా. ఆ తరవాత దస్త్రం తిరగేస్తూ, ఉద్యోగంలో చేరాక మొదటిసారేమో, నవ్వాడు. "మీ అసలు పాట నాలుగు నిమిషాలు కదా? దానికి మాటలున్నాయని మా సంయుక్త అధికారే మరిచిపోయారు. జనంలో ఇక ఎవరికి తెలుస్తుంది? శుభం. ఇప్పుడు మీకు అర్హత వచ్చింది."

కొత్త ఫారం ఇచ్చాడు. ‘పై పాటను నేను పూర్తిగా ఎన్నడూ వినలేదు’ అని అందులో ఒక్కమాట సవరించారు. పాత సంతకాలు పనికిరావు, కొత్తగా మరో మూడు వందల మంది కావాలి. ఆవిడ మళ్లీ బల్లమీద ఫారం పెట్టి, పక్కన పాటను సిద్ధంగా ఉంచుకుని కూర్చుంది. మొదట వచ్చిన టైలరు పైన పాట పేరు చదివి, "ఓ, ఆ ఫోన్ పాటేనా," అంటూ గబగబా సంతకం గీకి, కలం పక్కవాడికి అందించాడు.

మూడు వందలూ రెండు రోజుల్లో పూర్తయ్యాయి. వినిపించమని ఒక్కరూ అడగలేదు.